జాలీ తీసిందెవరు

వంట ఎప్పుడో అయిపోయింది. అయినా చిల్కానగర్‌లోని ఆ ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోలేదు.

బాలనర్సింహ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. గడప లోపల ఉన్నవాళ్లలో ఎవరు ఎక్కువ కష్టంలో ఉంటే వాళ్లు తిన్నాకే మిగతావాళ్లు తినాలి. అంత్యోదయం ఇంటి నుంచే మొదలు కావాలని ఆయన పట్టు. మామూలు రోజుల్లో ఆ లెక్కన నల్లా బాగు చేయడానికి వచ్చినవాడో, గ్యాసు బండ తెచ్చినవాడో ముందు తినేవాడు. పాపం, వాళ్లు మొహమాటపడి చచ్చేవాళ్లు, ఇంట్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఇవాళ ఆ మనిషి రెబెక్కా. రెబెక్కా తిననంటోంది.

హాల్లో సోఫా ఉండగా ఆమె గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. నాచారంలో బాలనర్సింహ కొడుకు భూపాల్ నడిపే రేకుల షెడ్డులో నిన్న పొద్దున ఆమె మొగుడు అనిల్ కుమార్ కుడిచెయ్యి రేకు నొక్కే పవర్ ప్రెస్సు కింద పడింది. రాత్రంతా దవాఖానా వరండాలో కూర్చున్న మనిషిని, "నువ్వు ఇంటికొచ్చి జరసేపు పండుకో చెల్లే, ఆడ పీటర్ ఉంటడు" అని భూపాలే తన కారులో తీసుకొచ్చాడు. పీటర్ అనిల్‌కు అన్న. రెబెక్కా వచ్చిందే గాని పడుకోలేదు.

భూపాల్ తల్లి శంకరమ్మ మళ్లీ కంచం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"రెండు బుక్కలు తిను బిడ్డా. పాణం నిలవడాలె గద."

"ఆకలైతలేదమ్మా."

"నువ్వు తినకుంటే మా ముసలాయన తినడు. ఆయనకు షుగరు గోలీలున్నయి."

ఆ మాట వినగానే రెబెక్కా గబగబా కంచం దగ్గరికి లాక్కుంది. "అయ్యో, తింటనమ్మా, తింటున్న" అంటూ పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. అది మింగుడు పడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

భూపాల్ భార్య ప్రవీణ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. రెబెక్కా వద్దన్నప్పుడు ఆమెకు జాలి వేసింది. తింటానన్నప్పుడు మాత్రం భయం వేసింది. ఎందుకో అప్పటికి ఆమెకు తెలియలేదు.

వంటింట్లోకి తిరిగితే భూపాల్ పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలోంచే పప్పన్నం కలుపుకుని తింటున్నాడు. భార్యను చూసి ముద్ద ఆపాడు.

"మామకు కనవడ్తే?" అంది ప్రవీణ.

"నిన్న పొద్దుగాల తిన్న తిండి. షెడ్డుకు ఫ్యాక్టరీల ఆఫీసరొచ్చిండు. ఆడ చూసుడు అయిపోంగనే ఇటొస్తనన్నడు, రెబెక్కాతోని మాట్లాడనీకి. కడుపు కాల్తుంటే ఏం జవాబు చెప్పాలె?"

"సరే తిను. ఆమె ఫోన్ ఏది?"

"చార్జింగ్ పెట్టిన."

"స్విచాఫ్ చేసి పెట్టినవా? మన రూంల, బీరువా మీద?"

భూపాల్ గిన్నెలోకి చూశాడు. "ఎవరెవరో చేస్తున్నరు ఆమెకు. కేసు పెట్టమని ఒకడు, గట్ల చెప్పు గిట్ల చెప్పు అని ఇంకొకడు. ఆమెకు దిమాగ్ పని చేస్తలేదు. జర నిమ్మళంగ ఉండనీ అని..."

"నువ్వు ఆమెను పండుకోబెట్టనీకి తేలేదు" అంది ప్రవీణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎవ్వరితోని మాట్లాడకుంట చూడనీకి తెచ్చినవ్."

"మెల్లగ మాట్లాడు."

"ఏం చెప్పియ్యాలనుకుంటున్నవ్ ఆమెతోని?"

భూపాల్ తలుపు దగ్గరికి వేశాడు. ఇంట్లో పగటిపూట వంటింటి తలుపు వేయడం ప్రవీణ ఎన్నడూ చూడలేదు.

"ప్రెస్సుకు ముందు అడ్డం ఉండే జాలీ లేకుండె. అది చూసిండు ఆఫీసరు. ఇగ ఒక్కటే అడుగుతడు, తీసిందెవరు అని. అనిలే తీసిండంటే ఖతం. వకీలు సాబ్ చెప్పిండు, పనోడే కావాలని జాలీ తీసేస్తే యజమాని మీద ఏం రాదట."

"మరి అనిల్‌కు?"

"కాయిదాల మీద పైసలేం రావు. మనం చూసుకుంటం గద. వాని ఇల్లు, పోరగాండ్ల చదువు, అంతా మనమే. మనోడే గద వాడు."

"మనోడని వాని మీదనే అబద్ధం ఎత్తేస్తవా?"

"నేను జైలుకు పోతే వాళ్లను ఎవడు చూస్తడు? లైసెన్సు నా పేరు మీద ఉంది ప్రవీణా. మన త్రివేణి మొఖం యాదికి తెచ్చుకో."

త్రివేణి వాళ్ల కూతురు, ఇంటర్ చదువుతోంది. ఈ గొడవ చెవిన పడకూడదని నిన్ననే నాగారంలో మేనత్త ఇంటికి పంపారు. ఆ పేరు వినగానే ప్రవీణ చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

జాలీ ఎవరు తీయించారో ఆమెకు తెలుసు. దసరా నాడు షెడ్డులో ఆయుధపూజకు హారతి పళ్లెం పట్టుకున్నది ఆమే. ప్రెస్సు పైదిమ్మెకు బొట్టు పెట్టడానికి, బంతిపూల దండ వేయడానికి ముందున్న ఇనుప జాలీ అడ్డం వచ్చింది. విప్పారు. పూజ అయ్యాక అనిలే దాన్ని మళ్లీ బిగించబోతుంటే బాలనర్సింహ ఆపాడు. "అమ్మవారి ముఖానికి జాలీ ఏందిరా? పున్నమి దాంక అట్లనే ఉండనీ, తల్లి మనల్ని చూడనీ" అన్నాడు. ఆ మాటకు అందరూ దండం పెట్టారు. ప్రవీణ కూడా పెట్టింది. రేకుతోపాటు చెయ్యి లోపలికి పోకుండా ఆపేది ఆ జాలీయేనని అంతమందిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

పరికరం కూడా ఇంట్లో మనిషేనని, దాన్ని వాడుకుని పారేయడం మన పద్ధతి కాదని బాలనర్సింహ నమ్మకం. ఆదివారం ఆదివారం మేడ మీద పది మందిని కూర్చోబెట్టి ఏకాత్మ మానవ దర్శనం చెబుతాడాయన. మనిషంటే పొట్ట ఒక్కటే కాదు. ఒళ్లు, మనసు, బుద్ధి, ఆత్మ నాలుగూ కలిస్తేనే మనిషి. మనిషి, కుటుంబం, సమాజం, దేశం ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయే గాని ఒకదానికొకటి శత్రువులు కావు. యజమానికీ పనివాడికీ నడుమ పేచీ ఉండే తీరాలనేది బయటి నుంచి తెచ్చుకున్న ఆలోచన. ఇదీ ఆయన చెప్పేది. వట్టి మాటలు కూడా కావు. కరోనాలో షెడ్డు మూతపడినప్పుడు పనివాళ్ల ఇళ్లకు బియ్యం మోసింది ఆయనే. అనిల్ బిడ్డను బడిలో చేర్పించడానికి ఎండలో లైను కట్టి నిలబడిందీ ఆయనే. కోడలిగా వచ్చిన కొత్తలో ప్రవీణ ఆ మాటలు విని మురిసిపోయింది. ఇలాంటి ఇంట్లో పడడం తన అదృష్టమనుకుంది.

"పున్నమి దాంక అన్నడు మామ" అంది ప్రవీణ నెమ్మదిగా. "పున్నమి పోయి ఎన్నొద్దులైంది? మల్ల ఎందుకు బిగియ్యలే?"

భూపాల్ చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కున్న చేతినే మళ్లీ కడుక్కున్నాడు.

"అడుగుతున్న నిన్నే."

"జాలీ లేకుంటే రేకు జల్ది పెట్టొస్తుంది. జల్ది తీయొస్తుంది. తలుపు బందుల ఆర్డరు నెత్తి మీద ఉండె. అనిల్ ఒకపారి అడిగిండు, బిగియ్యాల్నా అన్నా అని. ఈ వారం గడవనీ అన్న."

ప్రవీణ స్టూలు మీది నుంచి లేచింది. ఇంతసేపూ తండ్రిని కాపాడడానికి కొడుకు అబద్ధమాడుతున్నాడని తనకు తాను చెప్పుకుంటోంది. అందులో కొంచెం గొప్పతనం కూడా వెతుక్కుంది. ఆ కాస్త ఆసరా కూడా పోయింది. పదిహేడేళ్లుగా ఒకే మంచం మీద పడుకున్న మనిషి ఎవరో పరాయివాడిలా కనిపించాడు.

"మామకు ఎరుకేనా ఇది?"

"లేదు. తన మాటతోనే ఇదంతా అయిందనుకుంటుండు. మేడ మీద కూసున్నడు. ఆఫీసరొస్తే నేనే చెప్త అంటుండు. నువ్వే ఆపాలె. నీ మాట ఇంటడు."

"నా మొగుని మాట నేనే ఇనలేకపోతున్న" అనుకుంది గాని పైకి అనలేదు. బీరువా మీది ఫోన్ తీసి, ఆన్ చేసి, పెరట్లో మొహం కడుక్కుంటున్న రెబెక్కా చేతిలో పెట్టి మేడ మెట్లెక్కింది.

బాలనర్సింహ దర్శనం చెప్పే చోటే, గోడ నీడన, వట్టి నేల మీద కూర్చున్నాడు. ముందు ఎవరూ లేరు. ఆదివారం పరిచే జంపఖానా చుట్టచుట్టి మూలకు పెట్టి ఉంది. స్టేడియంలో మ్యాచ్ ఉన్నట్టుంది, ఉప్పల్ వైపు నుంచి హారన్ల మోత ఆగకుండా వినిపిస్తోంది.

"తిన్నదా ఆ పిల్ల?" అన్నాడు కోడలిని చూడగానే.

"లేదు మామా."

"ఎట్ల తింటది. నా నోటి మాట బిడ్డా, దాని మొగుని చెయ్యి తీసింది. దేవుని పేరు చెప్పి తీసిన." ఆయన మెట్ల వైపు చూశాడు. "ఆ సారు రానీ. అంతా చెప్త. నాకేం ఫికరు లేదు, ఏమేస్తే అది పడ్త."

"పడేది మీరు కాదు మామా. లైసెన్సు మీ కొడుకు పేరు మీద ఉంది."

"నేను చెప్పినంక వాన్నెట్ల పడ్తరు?"

"షెడ్డుకు యజమాని ఆయన. మీరు నోరు తెరిస్తే మీ మాట రాసుకుంటరు, ఆయనను తీస్కపోతరు."

ఈ సంగతి ముసలాయనకు నిజంగానే తట్టలేదని ప్రవీణకు అర్థమైంది. తప్పు ఒప్పుకుంటే శిక్ష తనకే పడుతుందని చిన్నపిల్లవాడిలా నమ్ముకుని కూర్చున్నాడు.

"రాజు కన్న ధర్మం పెద్దదని ఎన్ని ఆదివారాలు చెప్పిన" అన్నాడు చివరికి. "ఇంటి కన్న పెద్దదా అని ఎవ్వరు అడగలే."

ఇక్కడే భూపాల్ చేసింది చెప్పేసి ఉండాల్సింది. మెట్లెక్కేటప్పుడు చెప్పాలనే అనుకుంది ప్రవీణ. కాని కళ్ల ముందు త్రివేణి కనిపించింది. పోలీసు జీపు, వాకిట్లో చేరే జనం, మీ నాన్న జైల్లో ఉన్నాడట గదా అని కాలేజీలో అడిగే పిల్లలు, అన్నీ వరసగా కనిపించాయి.

"చెప్పకున్రి మామా" అంది. "మీ కాల్మొక్త. ఇల్లే కూలిపోతే ధర్మం యాడుంటది?"

బాలనర్సింహ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ప్రవీణ అనుకుంది.

ఆమె కిందికి వచ్చేసరికి రెబెక్కా ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. పక్కన శంకరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"పీటరన్న చేసిండక్కా. ఆపరేషన్ అయిందట. మూడు వేళ్లు తీసేసిన్రట."

ప్రవీణ ఆమె పక్కన చతికిలపడింది.

"బొటనేలు ఉన్నదట అక్కా" అంది రెబెక్కా. ఆమె ఏడవడం లేదు. "బొటనేలుంటే పని జెయ్యొచ్చు గద? ప్రెస్సు కాకున్న, మాలు సర్దుడు, కాపలా... భూపాలన్న పెట్టుకుంటడు గద? నువ్వు జర చెప్పు అక్కా."

షెడ్డు వెనక ఒంటిగదిలో ఉంటారు వాళ్లు. అద్దె లేదు. కరెంటు కూడా షెడ్డుదే. మన మనిషి దగ్గర అద్దె తీసుకుంటామా అని బాలనర్సింహ ఇప్పించిన గది అది. ఇప్పుడు రెబెక్కా కళ్లలోకి చూస్తే ప్రవీణకు ఆ గదే కనిపించింది. చెయ్యి పోయిన మొగుడి కంటే ముందు ఆ గది పోతుందేమోనని ఆమె బెంగపడుతోంది. దవాఖానా నుంచి రమ్మంటే వచ్చింది. ఫోన్ ఇమ్మంటే ఇచ్చింది. తినమంటే తినబోయింది.

ఆమె పక్క నుంచి ప్రవీణ మరి లేవలేదు. భూపాల్ రెండు మూడుసార్లు హాల్లోకి వచ్చి, "రెబెక్కా, జర ఒక్క మాట" అన్నాడు. ప్రవీణ అక్కడే ఉండడం చూసి ఫోన్ చూసుకుంటూ వెనక్కి పోయాడు. ఆమెతో ఏకాంతంగా ఒక్క మాట అనడానికి అతనికి వీలు చిక్కలేదు.

పొద్దు వాలుతుండగా ఆఫీసరు వచ్చాడు. నడివయసు మనిషి, నలిగిన చొక్కా. రింగ్ రోడ్డు దాటేసరికి ప్రాణం పోయిందని, మ్యాచ్ ఉన్న రోజు ఇటు రావద్దని నవ్వుతూ కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. అతను మంచివాడిలా ఉండడం ప్రవీణను ఇంకా భయపెట్టింది. గద్దించే మనిషయితే అబద్ధం చెప్పడం తేలికయ్యేది.

బాలనర్సింహ మేడ దిగి వచ్చి దివాను అంచున కూర్చున్నాడు. భూపాల్ తలుపు పక్కన కుర్చీలో ఉన్నాడు.

"భయపడకమ్మా" అన్నాడు ఆఫీసరు రెబెక్కాతో. "మీ ఆయనతో రేపు మాట్లాడతాను. ఇప్పుడు నీకు తెలిసింది చెప్పు చాలు. ఆ ప్రెస్సుకు జాలీ లేదన్న సంగతి ఇంట్లో ఎప్పుడైనా అన్నాడా?"

"అన్నడు సార్."

భూపాల్ కుర్చీ కిర్రుమంది.

"ఎవరు తీయమన్నారట?"

రెబెక్కా తల వంచుకుంది. చాప మీద వేలితో గీతలు గీస్తూ అంది: "ఎవ్వరు తీయమనలే సార్. మా ఆయననే తీసిండు. ఆయనకు జర తొందరెక్కువ. అన్న వద్దన్నడు, ఇనలే."

ప్రవీణ భర్త వైపు చూసింది. భూపాల్ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అతనూ ఇది ఊహించలేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బెదిరించలేదు. ఈ ఇంటికి ఏ మాట కావాలో రెబెక్కా తనంతట తానే కనిపెట్టి, అడగకముందే తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"నీ మీద ఎవరి ఒత్తిడీ లేదు గదా?"

"లే సార్. మంచోళ్లు. మమ్మల్ని ఇంటోళ్ల లెక్కనే చూస్తరు."

బాలనర్సింహ ఆ మాటకు దెబ్బ తగిలినట్టు తలెత్తాడు. ఇన్నేళ్లూ ఆయన గర్వంగా చెప్పుకున్న మాటే అది. అది ఆమె నోట వచ్చిన తీరు విన్నాక ఆయన ముఖంలో రక్తం లేదు.

"పెద్దాయనా, దసరా నాడు షెడ్డులో మీరు ఉన్నారు గదా?" అన్నాడు ఆఫీసరు.

"ఉన్న."

"పూజ అయ్యాక జాలీ మళ్లీ బిగించారా?"

ముసలాయన కళ్లు హాలంతా తిరిగి ప్రవీణ దగ్గర ఆగాయి. మేడ మీద ఆమె అడిగింది ఇదే. కాళ్లు మొక్కుతానని అడిగింది. ఇప్పుడు ఆయన ఆ మౌనమే ఇవ్వబోతున్నాడని తెలిసి, వద్దు మామా, ఇయ్యకున్రి అని లోపల్లోపలే మొరపెట్టుకుంది.

"యాదికి లేదు సారూ" అన్నాడు బాలనర్సింహ. "ముసలోన్ని. యాదికి లేదు."

మేడ దిగినప్పటి నుంచి ఆయన నోరు తెరుస్తాడేమోనని వణికింది ప్రవీణ. ఆయన నోరు మూసుకోవడం చూశాక, అంతకు ముందుది భయమే కాదనిపించింది. ఆ ఇంట్లో అబద్ధమాడని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన చేతా తానే ఆడించింది.

ఆఫీసరు కలం మూత పెట్టబోతూ, ఆనవాయితీగా అడిగాడు. "సరే. ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

భూపాల్ అప్పుడే ఊపిరి వదిలాడు. శంకరమ్మ టీ గ్లాసులు ఎత్తడానికి వంగింది.

"ఉంది సార్" అంది ప్రవీణ. లేచి నిలబడింది. "ఆమె చెప్పింది నిజం కాదు."

"ప్రవీణా, కూసో" అన్నాడు భూపాల్. చాలా నెమ్మదిగా అన్నాడు.

అంతకంటే ముందే కింది నుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. అది రెబెక్కాది. గోళ్లు దిగబడేంత గట్టిగా పట్టుకుంది.

"వద్దక్కా" అంది రెబెక్కా. పొద్దుటి నుంచి ఏడవని మనిషి ఇప్పుడు ఏడుస్తోంది. "నీ కాల్మొక్త, వద్దు. అన్నను తీస్కపోతే షెడ్డు మూతవడ్తది. మేం యాడికి పోవాలక్కా?"

ప్రవీణ ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది. అయినా కూర్చోలేదు, ఆఫీసరు వైపు తిరిగింది.